మీకు తెలుసా? కాకిలెక్కల మీద ఓ కన్ను

ఒక్క పైసా ఖర్చునైనా ఆపే అధికారం లేని ఆఫీసు అది. దాని లెక్క లేకుండా పన్ను కోతలు ప్రకటించిన బ్రిటన్ ఆర్థిక మంత్రి సరిగ్గా మూడు వారాలకు మాజీ అయిపోయారు. మీకు తెలుసా?

లెక్క అడగని మంత్రి

2010లో పుట్టిన ఆ సంస్థ పేరు ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ. పొట్టిగా ఓబీఆర్. ఇలాంటి స్వతంత్ర సంస్థలనే ఫిస్కల్ కౌన్సిళ్లు అంటారు. పన్నుల రాబడి ఇంత, లోటు ఇంత, అప్పు ఇంతకు మించదు అని సర్కారు చెప్పే అంకెలు నిలబడేవో కావో తేల్చి, అందరికీ వినబడేలా చెప్పడమే వీటి పని.

2022 సెప్టెంబరు 23న ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ సుమారు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. అంచనాలు వేసిస్తామని ఓబీఆర్ ముందుకొచ్చినా ఆయన వద్దనుకున్నారు. తీర్చే దారి చూపకుండా అప్పడిగితే షావుకారైనా అనుమానిస్తాడు కదా! మదుపరులు బ్రిటన్ ప్రభుత్వ బాండ్లను వదిలించుకోవడం మొదలెట్టారు. 26న డాలరుతో పౌండు విలువ ఎన్నడూ లేనంత కిందికి జారింది. 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే బాండ్లు కొనడానికి దిగాల్సి వచ్చింది. అక్టోబరు 14న క్వార్టెంగ్‌కు ఉద్వాసన, 20న ప్రధాని లిజ్ ట్రస్ రాజీనామా ప్రకటన.

ఆ దెబ్బతో 2024లో చట్టమే వచ్చింది. భారీ పన్ను, ఖర్చు నిర్ణయాలేవైనా ఓబీఆర్ లెక్కతోనే రావాలి.

మేనిఫెస్టోలకూ తూకం

నెదర్లాండ్స్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. 1945లో మొదలైన సీపీబీ అనే సంస్థ అక్కడి పార్టీల ఎన్నికల హామీలను 1986 నుంచి లెక్కగడుతోంది. ఫలానా పార్టీ చెప్పినవన్నీ చేస్తే లోటెంత, ఉద్యోగాలెన్ని, ఎవరి జేబుకు చిల్లు అన్నది ఓటుకు ముందే బయటపడుతుంది. పార్టీలకు ఇది నిర్బంధం కాదు. అయినా పెద్ద పార్టీలు చాలావరకు తమ హామీలను తామే తెచ్చిస్తాయి. సీపీబీకి తొలి సారథి యాన్ టిన్‌బర్గన్. 1969లో అర్థశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఆయనొకరు.

నచ్చకపోతే జీతాలు బంద్

హంగరీ 2009లో ఫిస్కల్ కౌన్సిల్ పెట్టుకుంది. మరుసటి ఏడాది గద్దెనెక్కిన ప్రధాని విక్టర్ ఓర్బాన్ ప్రభుత్వానికి దాని విమర్శలు రుచించలేదు. కౌన్సిల్ నిధులకు కోత పెట్టి, లెక్కలు వేసే సిబ్బందిని ఇంటికి పంపింది. విచిత్రమేమిటంటే, తర్వాత వచ్చిన రాజ్యాంగం పేరుకు మిగిలిన ముగ్గురు సభ్యుల కౌన్సిల్‌కు బడ్జెట్‌ను అడ్డుకునే అధికారం ఇచ్చింది. అధికారం వచ్చింది కానీ లెక్క చూసే చేతులు పోయాయి!

మన దగ్గర?

కాగ్ ఉంది కదా అనొచ్చు. అది ఖర్చయ్యాక చూసే ఆడిట్. ఖర్చుకు ముందు అంచనాలను నిలదీసే సంస్థ మనకు లేదు. రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నరు, మన వై.వి.రెడ్డి నడిపిన 14వ ఆర్థిక సంఘం స్వతంత్ర ఫిస్కల్ కౌన్సిల్ కావాలని సిఫార్సు చేసింది. 2017లో ఎన్.కె.సింగ్ కమిటీ, ఆ వెనక 15వ ఆర్థిక సంఘం అదే మాట అన్నాయి. సిఫార్సులు బీరువా దాటలేదు. కార్పొరేషన్ల పేరిట తెచ్చి, చివరికి ఖజానా నుంచే కట్టే ‘బడ్జెటేతర అప్పుల’ మీద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అధికార పక్షానిదో లెక్క, ప్రతిపక్షానిదో లెక్క. మధ్యవర్తి లెక్క ఏదీ?

మీరే చూడండి

రెండేళ్ల కిందటి బడ్జెట్ పుస్తకం తీసి, అందులో పన్నుల రాబడికి వేసిన అంచనా చూడండి. ఇప్పటి పుస్తకంలో అదే ఏడాదికి ‘వాస్తవ లెక్కలు’ అన్న వరుస ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టండి. ఆ తేడాను ముందే పసిగట్టి చెప్పాల్సినవారికి మనం ఇంకా కుర్చీయే వేయలేదు.