రెండో వాచీ

మా అక్క బెర్లిన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. సెలవులకి వెళ్తే కార్ల్స్‌హోర్స్ట్ మ్యూజియానికి తీసుకెళ్లింది. 1945 మే 8 అర్ధరాత్రి జర్మన్ సైన్యం లొంగుబాటు సంతకాలు పెట్టింది ఆ బిల్డింగ్‌లోనే. టికెట్ కూడా లేదు! బయట తోటలో, చెట్ల మధ్య, పెద్ద పెద్ద బోర్డుల మీద యుద్ధం ఫోటోలు.

అందులో ఒకటి మీరూ చూసే ఉంటారు. రైష్టాగ్ భవనం పైన ఎర్రజెండా ఎత్తుతున్న సోవియట్ సైనికుడు. మే 2న యెవ్‌గెనీ ఖల్దెయ్ తీశాడు. నిజానికి జెండా మొదట ఎగిరింది ఏప్రిల్ 30 రాత్రి. అప్పుడు ఫోటో తీయలేదు, అందుకే మళ్లీ ఎక్కించి తీశాడు. ఆ జెండా కూడా ఆయన ఎర్ర టేబుల్ క్లాత్‌లతో కుట్టించి మాస్కో నుంచి తెచ్చుకున్నదే.

అసలు సంగతి, జెండా పట్టుకున్నవాణ్ణి కింద నుంచి ఆనుకున్న మనిషి చేతుల్లో ఉంది. రెండు చేతులకీ వాచీలు! ఒకటి దోచుకున్నదని అనుకుంటారని దాన్ని చెరిపేశారు. వెనక పొగ కూడా తర్వాత దట్టం చేసిందే. ఫోటోషాప్ పుట్టకముందే ఇదంతా.

అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మన ఫెస్ట్ గ్రూప్ ఫోటోలో వెనక ఊడుస్తున్న ఆంటీని "ఫ్రేమ్ పాడైంది" అని చెరిపేసింది నేనే. ఒరిజినల్ కూడా డిలీట్ చేసేశా. ఖల్దెయ్ ఫోటోకైతే రెండు వాచీలున్న ప్రింట్ ఇంకా ఉంది.