వీథిలో దొరకిన నటులు

సినిమా నటుడనగానే మనకు స్ఫురించునవి నున్నని ముఖము, చక్కని దుస్తులు, తీయని పాట. 1930 తరువాతి దశాబ్దమున ఇటలీ ప్రేక్షకులకు ఈ మూడును కలిసిన పేరు విట్టోరియో డి సికా. అట్టి యందగాడే కొంతకాలమునకు కెమెరా వెనుకకు పోయి, అందమైన ముఖములను ప్రక్కకు త్రోసి, కర్మాగారపు కూలివానిని, వీథిలోని బాలుని, వృద్ధుడైన ఆచార్యుని తెచ్చి తెరమీద నిలిపెను. నటనచే బ్రదుకువాడు నటులే వలదనుట వింత కాదా? ఆ వింత యెట్లు జరిగినదో, దాని వలన ఎవరికేమి మేలు, ఏమి కీడు కలిగినదో తెలిసికొందము.

డి సికా 1901 జూలై 7వ తేదీన, రోము నగరమునకు ఆగ్నేయమున నున్న సోరా యను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ఉంబెర్తో బ్యాంకులో గుమాస్తా. జీతము కొద్ది, మర్యాద పెద్దది. అట్టి కుటుంబముల కష్టము మనకును తెలిసినదే. విట్టోరియో పద్దులు వ్రాయు విద్య నేర్చెను గాని, మనసు రంగస్థలము మీదనే యుండెను. 1923లో తాతియానా పావ్లోవా నాటక సమాజమున చేరెను. 1932లో మారియో కమెరీని తీసిన యొక చిత్రమున కారు నడుపు యువకుని వేషము వేసి పాడిన పాట దేశమంతట మారుమ్రోగెను. 1940లో తానే దర్శకుడై కొన్ని తేలిక వినోద చిత్రములను తీసెను. పిదప చేసరె జవట్టీని యను రచయితతో స్నేహము కుదిరెను. ఆ యిద్దరి కలయిక డి సికాను వేరొక మనిషిని చేసెను.

అంతలో యుద్ధము ఇంటిమీదికి వచ్చెను. 1943 సెప్టెంబరున జర్మను సేనలు రోమును ఆక్రమించెను. అప్పుడు డి సికా 'స్వర్గద్వారము' అను అర్థముగల చిత్రమును తీయుచుండెను. షూటింగు సాగినంతకాలము అందు పనిచేయువారికి కొంత రక్షణ యుండును గనుక, దానిని కావలెనని సాగదీసి, ప్రాణభయముతో నున్న యూదులు మున్నగు వారికి ఆశ్రయ మిచ్చెను. 1944 జూన్ 4న రోము విముక్తి పొందెను.

యుద్ధము ముగిసిన పిదప రోము వీథులలో తిండిలేని పిల్లలు అమెరికను సైనికుల బూట్లు తుడిచి బ్రదుకుచుండిరి. బూట్లు తుడుచుట కింగ్లీషున గల 'షూ షైన్' అను మాట ఆ పిల్లల నోట 'షుషా' యయ్యెను. మన పల్లెలలో 'స్టేషను' 'టేసను' అయినట్లే! 1946లో డి సికా ఆ మాటనే పేరుగా పెట్టి చిత్రము తీసెను. గుఱ్ఱమును కొనవలెనని ఆశపడిన ఇద్దరు బాలురు పెద్దల దొంగ వ్యాపారమున చిక్కి బాలనేరస్థుల చెఱసాల పాలగుటయు, అచ్చట వారి స్నేహము చెడుటయు ఇందలి కథ. ఇటలీలో చూచినవారు కొద్దిమందియే. కాని 1948లో అమెరికా చలనచిత్ర అకాడమీ దీనికి ప్రత్యేక బహుమాన మిచ్చెను. అప్పటికి విదేశ చిత్రములకు వేరుగ పోటీయే లేదు.

ఇక అసలు చిత్రమునకు వత్తము. 1948లో విడుదలయిన 'సైకిలు దొంగలు' కథ నాలుగు మాటలలో చెప్పవచ్చును. రిచ్చీ యను నిరుద్యోగికి గోడలమీద ప్రకటనలు అంటించు పని దొరకును. సైకిలున్నగాని ఆ పని లేదు. సైకిలు తాకట్టులో నున్నది. భార్య మంచము మీది దుప్పట్లు తీసి తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో సైకిలు విడిపించును. పనిలో చేరిన మొదటి దినముననే, అతడు నిచ్చెనమీద నుండగా దొంగ సైకిలును తీసికొని పారిపోవును. ఆ సైకిలు పేరు 'ఫీదెస్'. లాటిను భాషలో విశ్వాసమని దాని కర్థము.

ఆదివారమున తండ్రి, చిన్న కొడుకు బ్రూనో రోము సంతలన్నియు గాలింతురు. ఒకచోట తండ్రి విసిగి కొడుకును కొట్టును. పిదప పశ్చాత్తాపపడి, ఉన్న కొద్ది డబ్బుతో వానికి హోటలులో భోజనము పెట్టించును. ప్రక్క బల్లయొద్ద ధనికుల బిడ్డ తినుచుండును. బ్రూనో వానిని, వాడు బ్రూనోను చూచుచుందురు. ఆ చూపులలోనున్నది మాటలలో లేదు. తుదకు దిక్కుతోచక తండ్రియే యొక సైకిలును దొంగిలించి పట్టుబడును. జనము చుట్టుముట్టి కొట్టుదురు. క్రిందపడిన తండ్రి టోపీని బ్రూనో తీసి, ఏడ్చుచు, దుమ్ము దులుపును. సైకిలు యజమాని ఆ బాలుని మొగము చూచి, రిచ్చీని విడిచిపెట్టుమనును. తండ్రి కన్నీరు కార్చుచు నడచుచుండగా, కొడుకు తన చేతిని తండ్రి చేతిలో నుంచును. సైకిలు మాత్రము దొరకదు.

ఈ చిత్రమునకు డబ్బు పెట్టెదనని డేవిడ్ సెల్జ్‌నిక్ అను అమెరికా నిర్మాత ముందుకు వచ్చెను. అయితే రిచ్చీ వేషము ప్రసిద్ధ నటుడు కేరీ గ్రాంటునకు ఈయవలెనట! డి సికా ఒప్పుకొనలేదు. అతని నిర్ణయము సరియైనదే యని నా తలంపు. కేరీ గ్రాంటు సైకిలు పోయిన, ప్రేక్షకునకు బెంగ యెందుకు? వేరొకటి కొనగలడని యెవరికి తెలియదు?

డి సికా రోములోని బ్రెడా కర్మాగారమున పనిచేయు లంబెర్తో మజ్జొరానీ యనువానికి ఆ వేషమిచ్చెను. కుమారునికి బాలుని వేషము దొరకునేమో యని యతడాశించెను; దర్శకుని కన్ను తండ్రిమీద పడెను. ఆ నడక, కూర్చుండు తీరు, కష్టించి పనిచేసిన ఆ చేతులు అతనికి నచ్చెను. బ్రూనో పాత్రధారియైన ఎంజో స్తయోలా యెనిమిదేండ్ల బాలుడు. అభ్యాసము లేని వీరిచేత నటింపజేయుట యెట్లు? ఇచ్చటనే డి సికా పూర్వవిద్య అక్కరకు వచ్చెను. ప్రతి మాటను, ప్రతి చూపును తానే ముందు నటించి చూపుచుండెను. నటులను వలదన్నది గొప్ప నటుడగుట చేతనే ఆ పని సాధ్యమయ్యెను.

1950లో ఈ చిత్రమునకును అకాడమీ బహుమానము వచ్చెను. మజ్జొరానీ మాత్రము చిత్రము ముగిసి కర్మాగారమునకు తిరిగిపోగా, కొంతకాలమునకే ఉద్యోగము పోయెను. ఇటుకల పని చేసెను; చిన్న వేషములు కొన్ని దొరకెను గాని అవి కడుపు నింపలేదు. నిరుద్యోగి కథ చెప్పి లోకమును ఏడ్పించిన చిత్రము, ఆ కథను మోసిన మనిషిని నిరుద్యోగము నుండి కాపాడలేకపోయెను. డి సికాను మెచ్చుకొనునప్పుడు ఈ సంగతిని దాచరాదు.

ఈ చిత్రము మన దేశమునకును వచ్చినది. 1950లో లండనున దీనిని చూచిన సత్యజిత్ రాయ్, తానును ఇట్లే చిత్రము తీయగలనని నిశ్చయించుకొనెను. 1955లో 'పథేర్ పాంచాలి' వెలువడెను. 1952లో బొంబాయిలో మొదలై మదరాసు మున్నగు నగరములకు సాగిన మన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమునను దీనిని ప్రదర్శించిరి. మరుసటి యేడు బిమల్ రాయ్, రిక్షాలాగు రైతు కథతో 'దో బీఘా జమీన్' తీసెను.

అదే 1952లో ఇటలీలో డి సికా 'ఉంబెర్తో డి' అను చిత్రమును విడుదల చేసి, దానిని తన తండ్రికి అంకిత మిచ్చెను. చాలీచాలని పింఛనుతో అద్దె కట్టలేని వృద్ధ గుమాస్తా, అతని కుక్క ఇందలి ముఖ్యపాత్రలు. వృద్ధుడుగా నటించినవాడు ఫ్లోరెన్సు విశ్వవిద్యాలయ భాషాశాస్త్రాచార్యుడు కార్లో బత్తిస్తీ. పింఛను మీద బ్రదుకు మా బోటి వారికి ఈ చిత్రము కొంచెము దగ్గరగా తగులును. అయితే నాటి ప్రభుత్వమున నున్న జూలియో ఆండ్రియోట్టి, డి సికా ఇంటిగుట్టు రచ్చకెక్కించుచున్నాడని పత్రికలో ఆక్షేపించెను. జనమును చూడలేదు, నష్టము వచ్చెను.

తరువాత డి సికా మరల వేషములు కట్టుటకే యెక్కువగా పూనుకొనెను. నూటయేబదికి మించిన చిత్రములలో నటించెను. కొన్నిటిని డబ్బుకొరకే యొప్పుకొనెను. అతనికి జూదపు వ్యసనము కలదు, ఆర్జించినది చాలవరకు అందు పోయెను. అయినను దర్శకత్వము మానలేదు. 1960లో తీసిన 'లా చొచారా' వలన సోఫియా లోరెనునకు ఉత్తమ నటి బహుమానము లభించెను. 1963 నాటి 'నిన్న, నేడు, రేపు', 1970 నాటి 'ఫింజి కొంతీనీల తోట' అకాడమీ బహుమానములు పొందెను. 1974 నవంబరు 13న పారిసు సమీపమున డి సికా మరణించెను.

బ్రూనోగా నటించిన ఎంజో స్తయోలా మరి కొన్ని చిత్రములలో కనబడి, పెద్దవాడైన పిదప సినిమా విడిచి లెక్కల ఉపాధ్యాయుడయ్యెను. 2025లో రోము నగరముననే కన్నుమూసెను.