డబ్బాలో బలమెంత? ప్రమాదమెంత?

ఊరి మైదానంలో కబడ్డీ ఆడే కుర్రాళ్లకు, పోలీసు ఉద్యోగం కోసం తెల్లవారుజామునే పరుగు తీసే యువకులకు ఇప్పుడు కొత్త ఖర్చు వచ్చిపడింది. అదే ప్రొటీన్ పొడి డబ్బా. వేల రూపాయలు పోసి కొనేముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ఇంటి తిండిలోనే ఉంది

ఎక్కువగా అమ్ముడుపోయే 'వే ప్రొటీన్'ను పాలు విరిగాక మిగిలే నీటి నుంచి తయారుచేస్తారు. కండ పట్టడానికి మాంసకృత్తులు కావాలన్నది నిజమే. కఠిన సాధన చేసేవారికి శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల దాకా అవసరం. 60 కిలోల యువకునికి కనీసం 72 గ్రాములన్నమాట. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 8, వంద గ్రాముల కందిపప్పులో 22, వంద గ్రాముల వేరుశనగ గింజల్లో 25 గ్రాముల వరకు ఉంటాయి. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, వంద గ్రాముల పప్పు, గుప్పెడు వేరుశనగలు, పూటపూటా తినే అన్నం కలిస్తే ఆ లెక్క ఇంట్లోనే తీరిపోతుంది.

మేలు లేకపోలేదు. ఇంటి తిండి అందని ప్రయాణాల్లో పొడి అక్కరకు వస్తుంది. రక్తహీనత ఉన్న క్రీడాకారిణికి డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు అవసరమే. బరువులెత్తేవారికి క్రియేటిన్ కొంత ఉపకరిస్తుంది. అయితే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనల్లో ప్రొటీన్ పొడులు వాడవద్దనే చెప్పింది. వాటిలో చక్కెర, కృత్రిమ రుచులు కలుస్తాయని, మితిమీరితే మూత్రపిండాలకు చేటని హెచ్చరించింది.

ఆటకే ఎసరు

కొన్ని డబ్బాల్లో, పైన రాయని స్టెరాయిడ్లు కలుస్తుంటాయి. 2011లో మన దేశ మహిళల రిలే పరుగు జట్టులో పలువురు డోపింగ్ పరీక్షలో పట్టుబడ్డారు. శిక్షకుడు ఇచ్చిన జిన్సెంగ్ మాత్రలే కారణమని వారు వాదించారు. అయినా 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం రెండేళ్ల నిషేధం విధించింది. ఎవరిచ్చినా, తెలియక మింగినా, ఒంట్లో దొరికినదానికి ఆటగాడే బాధ్యుడన్నది నిబంధన.

కొనక తప్పదనుకుంటే 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు, గడువు తేదీ చూసి బిల్లు తీసుకోవాలి. నంబరు ఉన్నంత మాత్రాన నిషిద్ధ మందు లేదని హామీ కాదు. పేరులేని పొడులు, జిమ్ములో ఎవరో ఇచ్చే మాత్రలు, ఇంజెక్షన్ల జోలికి పోరాదు. మూత్రపిండాల జబ్బు, మధుమేహం ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. పోటీలకు వెళ్లేవారు తాము వాడే ప్రతి మందు పేరూ రాసి ఉంచుకోవడం మంచిది.