పని దినముల లెక్క: ఒక దినము ఎక్కడ పోయినది?

మాది కోరాపుట్ జిల్లా కుందుర. 20 మగ్గముల చిన్న సంఘము. లెక్కలో ఒక దినము తేడా వచ్చిన ఏమగునో మాకు 2025 ఫిబ్రవరిలో తెలిసినది. మగ్గమునకు దినమునకు రెండు తువాళ్ళ చొప్పున, నెలాఖరుకు 880 తువాళ్ళు ఇచ్చెదమని ఒప్పుకొంటిమి. తయారైనవి 840. కొనుగోలుదారు ఆలస్యము పేరిట బిల్లులో సొమ్ము కోసివేసిరి. నేతగాండ్రు సోమరులైరని కమిటీలో ఒక మాట కూడ వచ్చినది. ఆ మాట మాకు గ్రుచ్చుకొన్నది. వెంటనే లెక్క విప్పి చూచితిమి.

సంఘపు పద్దులు ఇప్పుడు కంప్యూటరులో పట్టికలుగా ఉన్నవి. దానినే డేటాబేసు అందురు. రెండు తేదీలు ఇచ్చిన వాటి నడుమ పని దినములెన్నో చెప్పుటకు మన ఇంటి కుర్రవాడొకడు ఒక ఫంక్షన్ వ్రాసియుండెను. మొత్తము దినములలో ఆదివారములు తీసివేయుట, పిదప సెలవుల పట్టికలోని దినములు తీసివేయుట, ఇంతే దాని పని. జనవరిలో చక్కగా సరిపోయినది గనుక ఎవరమును శంకింపలేదు.

ఆ జనవరి లెక్కనే చూడుడు. దినములు 31, ఆదివారములు 4. సెలవులు 5: భోగి, సంక్రాంతి, కనుమ 13, 14, 15 తేదీలలో, 26న రిపబ్లిక్ దినము, 29న అమావాస్య. మిగిలినవి 22. కాని ఆ 26వ తేదీ ఆదివారమే! ఒకే దినమును రెండు మార్లు తీసివేసినాము. ఉండవలసినవి 23. అయితే ఒకటవ తేదీన నూలు పంచుట, కండెలు చుట్టుటతోనే ప్రొద్దు గూకును. ఆనాడు గుడ్డ దిగదు. ఫంక్షన్ దానిని కూడ నేత దినముగా లెక్కించినది. ఒక తప్పు దినము తగ్గించగా రెండవ తప్పు దినము పెంచినది. అందుచేత 22 అను జవాబు సరిగానే వచ్చి, రెండు తప్పులును దాగిపోయినవి.

ఫిబ్రవరిలో 28 దినములు, ఆదివారములు 4, 26న శివరాత్రి, 27న అమావాస్య. సెలవేదియు ఆదివారము నాడు పడలేదు. మొదటి తప్పుకు తావు లేక రెండవది ఒంటిగా మిగిలినది. యంత్రము 22 అన్నది; నిజమునకు 21. 20 మగ్గములకు ఒక్క దినము, 40 తువాళ్ళు!

ఇప్పుడు తీసివేతలు మానివేసితిమి. సంవత్సరములోని ప్రతి తేదీకి పట్టికలో ఒకే వరుస, దాని ఎదుట పనియో సెలవో గుర్తు. ఫంక్షన్ పని గుర్తులను మాత్రము లెక్కించును. అదే తేదీని మరల ఎక్కించబోయిన యంత్రము ఒప్పుకొనదు. ఆరంభ దినమును విడిచి చివరి దినమును కలుపుకొనును. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము 9వ సెక్షనులోని పద్ధతియు ఇదియే. అమావాస్య ఇంగ్లీషు తేదీలలో నిలుకడగా ఉండదు గనుక పంచాంగము చూచి చేతితో ఎక్కించుచున్నాము. జూన్ నడుమ ఒడిశాలో వచ్చు రజ పండుగను మొదట మరచితిమి. అద్దకపు పనివారు గుర్తుచేసిరి. రాబోవు సంవత్సరపు వరుసలు లేనిచో ఫంక్షన్ ఏదో ఒక అంకె చెప్పక, పట్టిక ఖాళీగా ఉన్నదని ఆగిపోవునట్లు చేయించితిమి.

ఒక హెచ్చరిక. బిల్లు సొమ్ము గడువునకు ఈ ఫంక్షన్ వాడరాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము క్రింద నమోదైన అమ్మకందారునకు, ఒప్పందము ఏమి ఉన్నను, సరుకు అంగీకరించిన దినము నుండి 45 దినములు మించకుండ సొమ్ము ముట్టవలెను. అవి మామూలు దినములు. ఆదివారములు, పండుగలు అందులోనివే. పని దినములుగా లెక్కించిన మన సొమ్మునకు మనమే గడువు పెంచినట్లగును.

సోమరులన్న సభ్యులు తరువాతి సమావేశములో తమ మాట వెనుకకు తీసుకొనిరి. కోసిన సొమ్ము తిరిగి రాలేదు. దానిని మజూరిలో పట్టక సంఘపు నిధి నుండి సర్దితిమి. పట్టిక నమూనా కోరు సంఘములు ఉత్తరము వ్రాసిన పంపగలము. అమావాస్యలు మాత్రము ఎవరి పంచాంగము వారే చూచుకొనవలెను.