రాదని ఎవరు చెప్పారు?

ఇంటి పెద్ద పోయాక మొదటిసారి పింఛను కోసం గడప దాటే మహిళకు డబ్బుకన్నా ముందు కావలసింది సరైన సలహా. అది ఎక్కడ దొరుకుతుంది? ఎవరి మాట నమ్మాలి?

పెద్దకర్మ అయిపోతుంది. చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు బయల్దేరతారు. వెళ్తూ వెళ్తూ తలా ఒక మాట చెప్పిపోతారు. 'వితంతు పింఛనుకు రాయించుకోవే' అంటుంది పిన్ని. 'ఇద్దరు కొడుకులున్నారుగా, నీకు రాదులే' అంటాడు బావగారు. 'నాకు తెలిసినతను ఉన్నాడు, ఐదువేలిస్తే పనైపోతుంది' అంటాడు పక్కింటాయన. అందరూ మేలుకోరే చెబుతారు. చిక్కల్లా ఒక్కటే... ఏది నిజమో ఎవరికీ తెలియదు!

'రాదు' అన్న మాట విని ఇంట్లో కూర్చుంటే నష్టం చిన్నది కాదు. పింఛను సాధారణంగా మంజూరైన నెల నుంచే లెక్కలోకి వస్తుంది. భర్త పోయిన రోజునుంచీ లెక్కగట్టి ఇవ్వరు. అంటే దరఖాస్తు ఆలస్యమైన ప్రతి నెలా పోయినట్లే.

రెండు రాష్ట్రాలు... రెండు లెక్కలు

తెలుగువారి ఇళ్లలో ఈ గందరగోళానికి మరో కారణమూ ఉంది. అక్క ఖమ్మంలో, చెల్లెలు విజయవాడలో ఉంటారు. ఒకరికి తెలిసింది మరొకరికి చెప్పుకుంటారు. కానీ 2014 నుంచి రెండు చోట్లా పథకాలు వేరు, మొత్తాలు వేరు. వితంతు పింఛనును తెలంగాణలో 2019లో రూ.2,016కు పెంచితే, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైలో రూ.4,000 చేశారు. అక్క చెప్పింది అబద్ధం కాదు. చెల్లెలికి వర్తించదంతే.

ఒకే రాష్ట్రంలోనూ నిబంధనలు మారుతుంటాయి. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే దాన్ని భార్యకు మళ్లించే పద్ధతిని ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు నుంచి అమలు చేశారు. అంతకుముందు తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్లు 'నాకే రాలేదు, నీకేం వస్తుంది' అంటే ఆ సలహాకు కాలం చెల్లినట్లే. అందుకే ఎవరేం చెప్పినా రెండు ప్రశ్నలు వేయాలి. ఏ రాష్ట్రం సంగతి? ఏ ఏడాది సంగతి?

మరి ఇప్పటి నిబంధన ఎవరు చెబుతారు? ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఊళ్లోని సచివాలయం. పింఛన్ల సంగతి చూసే సంక్షేమ సహాయకులు అక్కడే ఉంటారు. తెలంగాణ పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి, ఆపైన మండలంలో ఎంపీడీవో కార్యాలయం. పట్టణాల్లో మున్సిపల్ కార్యాలయం. తెలిసినవాళ్ల మాటను దారి తెలుసుకోవడానికి వాడుకోవచ్చు. వస్తుందా రాదా అన్నది మాత్రం ఈ కార్యాలయాల్లోనే తేల్చుకోవాలి.

పాస్‌బుక్కు చెప్పే కబురు

మొదటిసారి వెళ్లేవారు ఒక్క పింఛను గురించే అడిగి వచ్చేస్తుంటారు. అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్లలోపు సంపాదనపరులు చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి రూ.20,000 సాయం ఉంది. దీని దరఖాస్తు ఎక్కడ తీసుకుంటారో తహసీల్దారు కార్యాలయంలో విచారించాలి.

మరో సలహాదారు బీరువాలోనే ఉండొచ్చు... ఆయన బ్యాంకు పాస్‌బుక్కు! పద్దులు వేయించి, ఏటా మే, జూన్ ప్రాంతంలో రూ.436 కోత పడిందేమో చూడాలి. ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం కావచ్చు. ఏ కారణంతో చనిపోయినా నామినీకి రూ.2 లక్షలు వస్తాయి. రూ.20 కోత ఉంటే సురక్షా బీమా. ప్రమాదంలో చనిపోతే రూ.2 లక్షలు. ఈ రెండూ 2015లో మొదలయ్యాయి. ఖాతా తెరిచిన రోజు సంతకం పెట్టి, ఇంట్లో చెప్పడం మరచిపోయినవాళ్లు ఎందరో!

అన్నిటికీ మూలం మరణ ధ్రువీకరణ పత్రం. చనిపోయిన 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే రుసుము లేదు. గడువు దాటినకొద్దీ రుసుములు, అనుమతుల కోసం తిరగడాలు మొదలవుతాయి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్‌కార్డులో మరో పేరు ఉంటే అదీ ముందే సరిచేయించుకోవాలి.

వేలిముద్ర అడిగితే...

మంచి సలహాదారును గుర్తుపట్టడం కష్టమేం కాదు. నిబంధన ఏమిటో చెబుతాడు, ఏ కాగితాలు కావాలో రాసిస్తాడు, తనకు తెలియకపోతే ఎవరిని అడగాలో చెబుతాడు. 'అవన్నీ నీకెందుకమ్మా, నాకు వదిలెయ్' అన్నాడంటే అనుమానించాల్సిందే. ఫలానా తేదీకి పింఛను గ్యారంటీ అనేవాళ్లూ అంతే.

మీసేవ వంటి కేంద్రాల్లో నిర్ణీత రుసుము ఉంటుంది, దానికి రసీదు ఇస్తారు. రసీదు లేని డబ్బు రుసుము కాదు. ఒరిజినల్ పత్రాలు ఎవరి దగ్గరా వదలకూడదు, జిరాక్సులే ఇవ్వాలి. ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పకూడదు. యంత్రం మీద వేలు పెట్టమంటే ఎందుకో అడగాలి. ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోంచి వేలిముద్రతోనే డబ్బు తీసుకోవచ్చని గుర్తుంచుకోవాలి.

నోటిమాట కాదు... కాగితం!

కార్యాలయంలోనే 'రాదు' అన్నారనుకోండి. అక్కడితో వెనక్కి రావాల్సిన పనిలేదు. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. తిరస్కరిస్తే కారణం రాసివ్వమని అడగాలి. నిర్ణయాల వల్ల ప్రభావితమయ్యేవారికి వాటి కారణాలు తెలపాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనే చెబుతోంది. అదే చట్టం కింద దరఖాస్తు ఏమైందో అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు దీనికి రుసుము కట్టనక్కర్లేదు. కారణం కాగితం మీదికి వస్తే సగం పని అయినట్టే. వయసు తప్పు పడిందా, పేరు కలవలేదా, నిజంగానే అర్హత లేదా అన్నది తేలిపోతుంది. కలెక్టరేట్లలో సోమవారాలు జరిగే అర్జీల కార్యక్రమంలోనూ ఆ కాగితమే సాక్ష్యం.

అప్పటికీ తేలకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉంది. కోర్టు కేసులకే అనుకుంటారు చాలామంది. పేదలకు సంక్షేమ పథకాలు అందేలా సాయపడేందుకు జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2015లోనే ప్రత్యేక పథకం తెచ్చింది. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసేవ పొందే హక్కుంది. దివ్యాంగులకూ, ఎస్సీ, ఎస్టీలకూ అంతే. జిల్లా కోర్టు ప్రాంగణంలోని కార్యాలయానికి వెళ్లొచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

పింఛను చేతికందాక ప్రతి మహిళా తన వీధిలో ఓ సలహాదారు అయిపోతుంది. అడగడానికి వచ్చిన మరో ఇల్లాలికి 'వస్తుంది', 'రాదు' అని తీర్పు చెప్పేకన్నా, తాను వెళ్లిన కార్యాలయం, ఇచ్చిన కాగితాలు, పట్టిన నెలలు... ఈ మూడూ చెబితే చాలు. మిగతాది ఆమె వెళ్లి అడుగుతుంది.