ముప్పదియేండ్ల విద్యార్థినికి విద్యార్థివేతనము

విద్యకు వయస్సుతో పనిలేదని సభలలో పలుకని వక్త లేడు. ఐనను ముప్పది యేండ్లు నిండి, యిద్దరు బిడ్డలకు తల్లియైన ఇల్లాలొకతె “నేను కళాశాలలో చేరెదను” అనిన దినమున ఆ మాటను మన్నించువారు ఆ వీథిలో నెందరుందురు? “ఈ వయసుల చదివి ఏ రాజ్యమేలుతవమ్మా?” అను ప్రశ్న ముందుగా వచ్చును. దాని వెంటనే “రుసుము ఎవరు కడతరు?” అను రెండవ ప్రశ్న వచ్చును. మొదటి దానికి ఆమె జీవితమే బదులు చెప్పవలెను. రెండవ దానికి మాత్రము ప్రభుత్వపు నిబంధనలలో కొంత సమాధానము కలదు. ఆ సమాధానమును వెదకి, అడిగి, సాధించుకొనుట యెట్లో మా సోదరీమణులకు తెలుపుటయే యీ వ్యాసమున మా ఉద్దేశము.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములను దృష్టియందుంచుకొని దీనిని వ్రాయుచున్నాము. ఈ మూడును 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పూర్వపు మహబూబునగరు జిల్లానుండి విడివడి వేరు జిల్లాలైనవి. పండితులను పోషించి “విద్వద్గద్వాల” యని కీర్తిగన్న సంస్థానమిచ్చటిదే. అట్టి సీమలో 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ననుసరించి, నాటి మహబూబునగరు జిల్లాయందు అక్షరములు వచ్చిన స్త్రీలు నూటికి నలువదియైదుగురైనను లేరు. పురుషులు అరువదియైదుగురు. ఈ వ్యత్యాసము ఊరక వచ్చినది కాదు. విత్తనపు పత్తి చేలలో పూవునకు పూవునంటించు పనికి బడియీడు బాలికలనే పిలుచుచు వచ్చిరి. కరవు వచ్చిన యేడు తల్లిదండ్రులు దూరదేశములకు కూలికి తరలిపోగా, ఇంట చంటిబిడ్డల బాధ్యత పెద్దకూతురిపై బడెను. చీరలు నేయు నిండ్లలో కండెలు చుట్టు పని ఆమెదే. పదవ తరగతి కాకమునుపే బడి మాని, పదునెనిమిదవ యేటనో అంతకు ముందో అత్తవారింటికి పోయిన ఆ బాలికయే నేటి ముప్పదియేండ్ల ఇల్లాలు. ఆమె చదువు నిలిచిపోవుట ఆమె దోషము కాదు గనుక, తిరిగి యారంభించుటలో ఆమె సిగ్గుపడవలసినదియు లేదు.

ఇట్టి ప్రయత్నము మన జాతికి క్రొత్తయు కాదు. 1922లో ఉన్నవ దంపతులు గుంటూరున శారదానికేతనమును స్థాపించి స్త్రీలకు ఆశ్రయమును విద్యయు నొసంగిరి. నిజాము రాజ్యమున 1928లో మాడపాటి హనుమంతరావు పంతులుగారు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పగా, తెలుగున చదివినవారికి ఆ రాజ్యమున గుర్తింపు లేనందున ఆ బాలికలు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా చదువవలసి వచ్చెను. ఇక దుర్గాబాయి గారి చరిత్ర మా పాఠకురాండ్రలో పలువురు విని యుందురు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదవ యేట వివాహమై, స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకు పోయివచ్చిన పిదప ఆమె కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు చదివిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరబోగా స్త్రీలకు వసతిగృహము లేదను అడ్డు వచ్చెను. ఆమె నిరాశతో మరలిపోలేదు. వసతి లేనందుననే చదువు మానుకొనిన బాలికలు తమకు వ్రాయవలసినదని పత్రికలో ప్రకటన వేయించి, వారిని కూడగట్టి, తామే వసతి యేర్పరచుకొనిరి. 1942లో న్యాయశాస్త్ర పట్టము పొందిరి. తాము పడిన పాట్లను మరువక, కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునకు అధ్యక్షురాలుగా నున్నప్పుడు 1958లో వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యాతరగతులను ఏర్పాటు చేయించిరి. మొన్నమొన్న 2023లో అనంతపురము జిల్లాలో వ్యవసాయపు కూలి చేయుచునే చదివిన ఒక వివాహిత రసాయన శాస్త్రమున డాక్టరేటు పట్టమందెను. కావున “జరుగునా?” యని శంకింప బనిలేదు. “ఎట్లు జరుగును?” అని యడుగుటయే యుక్తము.

మొదట మార్గమును చూతము. పదవ తరగతి కానివారికి తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠము కలదు. పదునాలుగేండ్లు నిండి, చదువను వ్రాయను వచ్చినవారు పదవ తరగతికి చేరవచ్చును. పై వయస్సునకు హద్దు లేదు. ఆ పరీక్ష గడచినవారు అచ్చటనే ఇంటర్మీడియేటును చదువవచ్చును. ఇంటర్మీడియేటు పూర్తియైనచో డిగ్రీ కళాశాలకు దారి తెరువబడును. 2016 నుండి తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు “దోస్త్” అను కంప్యూటరు పద్ధతిని జరుగుచున్నవి. అందు పేరు నమోదు చేసికొని, కావలసిన కళాశాలలను వరుసగా సూచింపవలెను.

ఇచ్చట నొక కూడలి వచ్చును. ప్రతిదినము పోవు కళాశాలయా, ఇంటనుండి చదువు సార్వత్రిక విశ్వవిద్యాలయమా? రెండవదానికి మన దేశమునకే దారి చూపినది 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము. నేడది డాక్టరు అంబేడ్కరుగారి పేర నడచుచున్నది. పని మానలేని ఇల్లాలికి అది అనుకూలము. కాని రాష్ట్ర ప్రభుత్వము వారి రుసుము చెల్లింపు పథకము దూరవిద్యకు వర్తింపదు. యాజమాన్యపు కోటాలో సీటు కొనినవారికిని వర్తింపదు. ఈ సంగతి తెలియక చేరి, పిదప విద్యార్థివేతనము రాలేదని వగచుటకంటె ముందుగా తెలిసికొని యెంచుకొనుట మేలు. రోజును కళాశాలకు పోగలిగినచో వేతనము, పోలేనిచో తక్కువ రుసుముగల దూరవిద్య అని లెక్క వేసికొనవలెను.

రోజును పోగలిగినవారు ప్రయివేటు కళాశాలల పలకలను జూచి మురియక, ముందు ప్రభుత్వ కళాశాలను చూడవలెనని మా మనవి. పెరటి చెట్టు మందునకు రాదన్న సామెత యిచ్చట పొసగదు. గద్వాలలో సంస్థానమును పాలించిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ గారి పేరనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల యున్నది. ఒక స్త్రీ పేరున్న ఆ ద్వారములో ప్రవేశించుటకు మరియొక స్త్రీ జంకనేల? ప్రభుత్వ కళాశాలలో రుసుము స్వల్పము గనుక, వేతనము ఆలస్యమైనను చదువు కూలిపోదు.

ఇక వేతనపు సంగతి. మెట్రిక్యులేషను పైచదువులకు షెడ్యూల్డు కులముల విద్యార్థులకై ఈ సహాయము 1944లో ఆరంభమైనది. కాలక్రమమున ఇతర వర్గములకును విస్తరించినది. తెలంగాణమున “ఈపాస్” అను ప్రభుత్వపు వెబ్‌సైటు ద్వారా దరఖాస్తు చేయవలెను. ఇందు రెండు భాగములు కలవు. కళాశాల రుసుము ఒకటి. పోషణకై యిచ్చు మొత్తము రెండవది; అది విద్యార్థిని బ్యాంకు ఖాతాకు వచ్చును. షెడ్యూల్డు కులములు, తెగలవారికి కుటుంబపు వార్షికాదాయము నిర్ణీత పరిమితిని మించరాదు. వెనుకబడిన తరగతులవారికి పల్లెలలో 1½ లక్ష, పట్టణములలో 2 లక్షలు పరిమితి. వయస్సు విషయమున కూడ నిబంధనలున్నవి గనుక, తన యీడువారు అర్హులగుదురా యని కళాశాల కార్యాలయముననో జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయముననో పత్రము నింపుటకు మునుపే అడిగి తెలిసికొనవలెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదు.

వివాహితలకు ప్రత్యేకముగా వచ్చు చిక్కులు మూడు. ఇవి పదునెనిమిదేండ్ల బాలికకు రావు గనుక కార్యాలయముల యందు వీటిని చప్పున గ్రహింపరు.

మొదటిది పేరు. పదవ తరగతి పత్రమున పుట్టినింటి పేరు, ఆధారులో మెట్టినింటి పేరు ఉండుట సాధారణము. రెండును సరిపోలనిచో దరఖాస్తు ముందునకు సాగదు. కావున ప్రవేశములకు కొన్ని నెలల ముందే ఆధారులోని పేరును, పుట్టినతేదీని పదవ తరగతి పత్రమున కనుగుణముగా దిద్దించుకొనవలెను.

రెండవది కులము. కులము జన్మమునుబట్టి కలుగును గాని వివాహముచే మారదు. కావున కుల ధ్రువపత్రమున తండ్రి పేరుండవలెను, భర్త పేరు కాదు. తండ్రి ఊరు వేరు మండలమైనచో ఆ పత్రమునకై పుట్టినింటివారి సాయమును ముందే కోరవలెను.

మూడవది ఆదాయము. చిరకాలముగా వచ్చుచున్న కేంద్ర నిబంధనలలో, ఉద్యోగము లేని వివాహిత విషయమున భర్త యాదాయమునే లెక్కింపవలెననియు, ఇంట మరియెవరు సంపాదించుచున్నను దానిని కలుపరాదనియు నున్నది. అనగా మామగారి పొలమును, మరది జీతమును చేర్చి “నీకు అర్హత లేదు” అనిన యెడల ఆమె మర్యాదగా ఈ నియమమును జ్ఞాపకము చేయవచ్చును. భర్త గతించినవారు ఆ మరణ ధ్రువపత్రమును కూడ దగ్గర నుంచుకొనవలెను.

ఈ పత్రములను మీసేవ కేంద్రమున దరఖాస్తు చేసినచో తహశీలుదారు కార్యాలయమునుండి మంజూరగును. ప్రవేశముల దినములలో అచ్చట నూర్లకొలది జనులు మూగుదురు. వేసవిలోనే పోయినవారికి సగము శ్రమ తగ్గును. బ్యాంకు ఖాతా ఆమె పేరనే యుండి, ఆధారుతో జతపడి, వాడుకలో నుండవలెను. పొదుపు సంఘము కొరకు తెరచిన ఖాతా యేండ్ల తరబడి మూతబడియున్నచో దానిని తిరిగి తెరిపించుకొనవలెను. కూలిపని చేయు చేతుల రేఖలు అరిగి వేలిముద్ర యంత్రమున పడకపోవుటయు గలదు. అట్టివారు ఆధారు కేంద్రమున ముద్రలను క్రొత్తగా నిప్పించుకొనుట మంచిది. ప్రతి పత్రమునకును నకళ్ళు తీయించి, దరఖాస్తు సంఖ్యను గోడ క్యాలెండరు మీదనైనను వ్రాసికొని యుంచవలెను.

దరఖాస్తు పెట్టుటతో పని ముగియదు. కళాశాలవారు దానిని పరిశీలించి పంపవలెను. విద్యార్థిని వేలిముద్ర వేయవలెను. నూటికి డెబ్బదియైదు వంతుల హాజరుండవలెను. ఈ చివరి నియమమే పేద ఇల్లాలికి కఠినమైనది. నాట్లు, కలుపు, పత్తి తీతల దినములలో ఒక పూట కళాశాలకు పోవుట యనగా ఆ పూట కూలి పోగొట్టుకొనుట. పోషణకై వచ్చు మొత్తము ఆ కూలికి సరి తూగదు. ఈ నిజమును దాచి “చదువుము, అంతయు ప్రభుత్వమే చూచుకొనును” అని చెప్పుట మాకు సమ్మతము కాదు. మొదటి సంవత్సరమునకు కావలసిన ప్రయాణపు ఖర్చు, పుస్తకములు, పరీక్ష రుసుము ఎక్కడినుండి వచ్చునో ఇంటిల్లిపాది కూర్చుండి లెక్క చూచుకొనవలెను. ప్రయాణపు భారము మాత్రము కొంత తగ్గినది. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణ స్త్రీలకు టిక్కెట్టు ఖర్చు లేదు.

వేతనము ఆలస్యమగుట కూడ అనుభవములోని సంగతియే. బకాయిలు రాలేదని ప్రయివేటు కళాశాలలవారు 2024లో తలుపులు మూసి నిరసన తెల్పిరి. ప్రభుత్వమునకును కళాశాలకును నడుమ పేద విద్యార్థిని నలుగుట న్యాయము కాదు. రుసుము రాలేదని అసలు ధ్రువపత్రములను పట్టి యుంచరాదని విశ్వవిద్యాలయముల నిధుల సంఘమువారు 2018లోనే తెలిపియున్నారు. కావున చేరునాడు అసలు పత్రములను చూపి, పరిశీలన కాగానే తిరిగి తీసికొని, నకళ్ళనే అప్పగింపవలెను. వేతనము వచ్చునను నమ్మకముతో వడ్డీవ్యాపారివద్ద అప్పు తీయుట ఎంతమాత్రమును తగదు.

ఇంత శ్రమపడి చదివిన ఫలమేమని కొందరందురు. అంగనవాడి కొలువు మొదలు పంతులమ్మ పని వరకు ఏదైనను చేతిలో పట్టా యున్నవారికే అందును. అది అందకున్నను, పత్రముపై వ్రాసినదేమో చదువక వేలిముద్ర వేయు స్థితి తప్పును. తల్లి పుస్తకము తెరచి కూర్చున్న ఇంట కూతురిని బడి మాన్పించుట ఎవరికిని సులభము కాదు. పత్తి చేనికి పోవలసిన మరియొక బాలిక ఆ విధముగా బడిలో నిలుచును. ఈ ప్రాంతమున నూటికి నలువదియైదన్న అంకె పెరుగుటకు ఇంతకంటె నిశ్చయమైన మార్గము మాకు తోచదు.

చదువుకొనిన గృహములలోని మా పాఠకురాండ్రకు చివరగా నొక మాట. మీ ఇంట గిన్నెలు తోము ఆమె, మీ వీథిలో మిషను కుట్టు ఆమె, పదవ తరగతి వరకు చదివియే యుండవచ్చును. ఆమెను అడుగుడు. మీసేవకు పోవునప్పుడు తోడుగా నడువుడు. దరఖాస్తులోని గడులను కలిసి చదివి నింపుడు. ఆమె తరగతికి పోవు రెండుగంటలు ఆమె బిడ్డను మీ వాకిట ఆడుకొననిండు. వేతనము ప్రభుత్వమిచ్చినను, ఆ ధైర్యమును ఇరుగుపొరుగు స్త్రీలే యియ్యవలెను.