జడ్జి గారి తీర్పు అందరిదీ, ఇంటి అడ్రసు మాత్రం ఆయనదే



మొన్న మన సంఘం సర్వసభ్య సమావేశంలో సభ్యుల డైరెక్టరీ మీద అరగంట వాదన జరిగింది. ఇళ్ళ అడ్రసులు, ఫోన్ నంబర్లు ఉన్న ఆ పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో అందరికీ పంపాలన్నది ప్రతిపాదన. వెనక వరసలో కూర్చున్న ఒకావిడ లేచి, "మా కోడలు జడ్జి. మా ఇంటి వివరాలు అందులో వేయకండి" అన్నారు. "అడ్రసులో దాచడానికేముంది?" అని ఒక పెద్దాయన నవ్వేశారు. నేను కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. అయినా ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

మన వాళ్ళ పిల్లలు చాలామంది అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్నారు. ఎడిసన్‌కు దగ్గర్లోనే నార్త్ బ్రన్స్‌విక్ అనే ఊరుంది. అక్కడ ఉన్న ఫెడరల్ జడ్జి ఎస్తర్ సలాస్ ఇంటికి 2020 జూలై 19, ఆదివారం సాయంత్రం కొరియర్ మనిషి వేషంలో ఒకడు వచ్చాడు. వాడి కాల్పుల్లో ఆమె ఒక్కగానొక్క కొడుకు డేనియల్ చనిపోయాడు. ఇరవై ఏళ్ళు నిండి వారం కూడా కాలేదు. భర్త తీవ్రంగా గాయపడి బతికారు. కాల్చినవాడు ఆమె కోర్టులో ఒక కేసు వేసిన లాయరు. ఆమె ఇల్లు ఎక్కడో, కుటుంబంలో ఎవరెవరో ముందే ఆరా తీసి పెట్టుకున్నాడు. ఇలాంటి వివరాలు ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఎంత సులువుగా దొరుకుతున్నాయో ఆ తల్లి తర్వాత దేశానికి చెప్పారు.

ఎలా దొరుకుతాయి? అక్కడ డేటా బ్రోకర్లనే వ్యాపారులున్నారు. ఆస్తి రికార్డులు, ఫోన్ నంబర్లు, బంధువుల పేర్లు ఒకచోట చేర్చి డబ్బుకు అమ్ముతారు. విడివిడిగా చూస్తే అవి చిన్న విషయాలే. ఒకే కాగితం మీదికి వస్తే నేరుగా గుమ్మం దాకా దారి చూపిస్తాయి.

2020 నవంబరులోనే న్యూజెర్సీ "డేనియల్ చట్టం" తెచ్చింది. జడ్జీలు, ప్రాసిక్యూటర్లు, పోలీసులు, వారిలో రిటైరైనవారు కూడా దీని కిందికి వస్తారు. ఇంటి అడ్రసు తీసేయమని రాసి ఇస్తే పది పనిదినాల్లో తీసేయాలి. తీయకపోతే ఒక్కో ఉల్లంఘనకు వెయ్యి డాలర్ల పరిహారం. 2022 డిసెంబరులో ఫెడరల్ జడ్జీల కోసం దేశవ్యాప్త చట్టం వచ్చింది. దానికీ డేనియల్ పేరే పెట్టారు. అందులో గడువు 72 గంటలు. జడ్జి పిల్లలు చదివే బడి, బండి నంబరు లాంటి వివరాలకూ రక్షణ ఉంది. వార్తలకు, ప్రజా విషయాల మీద వ్యాఖ్యలకు మినహాయింపు ఇచ్చారు. అయినా న్యూజెర్సీ చట్టం భావప్రకటన స్వేచ్ఛకు అడ్డమని డేటా కంపెనీలు కోర్టులో వాదించాయి.

ఇక మన దేశం సంగతి. 2021 జూలై 28న ధన్‌బాద్‌లో పొద్దున్నే నడకకు వెళ్ళిన జడ్జి ఉత్తమ్ ఆనంద్‌ను ఆటోతో గుద్ది చంపారు. మరుసటి ఏడాది ఇద్దరికి యావజ్జీవ శిక్ష పడింది. 2022 మార్చిలో మా కర్ణాటకలోనే హిజాబ్ కేసు తీర్పిచ్చిన ముగ్గురు హైకోర్టు జడ్జీలకు చంపుతామని బెదిరింపులు వస్తే వై కేటగిరీ భద్రత ఇచ్చారు. మనకు 1985 నాటి జడ్జీల రక్షణ చట్టం ఉంది. కానీ అది విధి నిర్వహణలో చేసిన పనుల మీద జడ్జిపై కేసులు వేయకుండా కాపాడేది. ఇంటి అడ్రసు జోలికి పోదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పౌరులందరిదీ. జడ్జీల కోసం అందులో ప్రత్యేక ఏర్పాటు లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు వేసింది మన కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి కె.ఎస్. పుట్టస్వామి గారే.

అలాగని జడ్జీల గురించి ఏదీ బయటికి రాకూడదా? అదీ తప్పే. ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం కూడా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని 2019లో సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. 2025 మే నెలలో తమ జడ్జీల ఆస్తుల వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టింది. జడ్జి ఏ తీర్పిచ్చారు, ఎందుకిచ్చారు, ఆస్తి ఎంత అన్నవి మనం అడగాల్సినవే. వాయిదాల పట్టీ, తీర్పు నకలు కోర్టులో దొరుకుతాయి. తీర్పు నచ్చకపోతే పై కోర్టులో అప్పీలు ఉంది. వీటిలో దేనికీ జడ్జి గారి ఇంటి నంబరు అక్కర్లేదు. మన దేశంలో చట్టం చేసినా ఈ గీత స్పష్టంగా గీయాలి. లేకపోతే అడ్రసు పేరు చెప్పి ఆస్తుల లెక్కలూ దాచేస్తారు.

కేసు ఓడిన మనిషి కళ్ళల్లో కోపం కోర్టు హాల్లో ఎన్నోసార్లు చూశాను. చాలామందికి అది ఇంటికి వెళ్ళేలోపే చల్లారుతుంది. చల్లారని ఒక్కడి కోసమే ఈ జాగ్రత్త.

ఇది జడ్జీలకే కాదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు, అప్పులవాళ్ళ పోరు పడేవాళ్ళకు కూడా అడ్రసు బయటపడితే ముప్పే. అందుకని కార్యవర్గం ముందు నా ప్రతిపాదన ఇది: డైరెక్టరీలో పేరు, సొంత ఊరు మాత్రం వేద్దాం. అడ్రసు, ఫోన్ నంబరు సంతకం చేసి ఒప్పుకున్నవారివే ఉంటాయి. పీడీఎఫ్ వద్దు. పాత పుస్తకాన్ని ఎవరూ ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టకండి. ఫారాలు నా దగ్గర ఉన్నాయి. వచ్చే సమావేశంలోపు నింపి ఇవ్వండి. ఆ రోజు లేచి మాట్లాడిన అమ్మగారికి సంఘం తరఫున ఇదే నా జవాబు.